చెక్కలు నవ్వితే ఏమని అర్థం

నాకు రాయడం అలవాటు లేదు. ఐదు పాసై ఆరులో చేరినాను, ఆ ఏడే మా నాయన బడి మాన్పించి మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పనికి పంపించినాడు. అప్పటి నుంచి సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు చదువుకోవడం, అంతే నా చదువు. ఇప్పుడు ఇది రాస్తా ఉంటే చెయ్యి చెమట పడతా ఉండాది. తప్పులుంటే మీరే సరి చేసుకోని చదవండి.

మాది పుత్తూరు పక్కన, అరవోళ్ళ బార్డరు. నేను మా ఊరి బళ్ళో పిల్లోళ్ళకి మధ్యాహ్నం భోజనం వండుతాను. ఈ మాట ముందే చెప్పేస్తా ఉండాను. ఎందుకంటే జర్మనీలో ఈ ఒక్క మాట నోట్లోంచి రావడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

నా కూతురు ఎర్లాంగెన్‌లో ఉంటాది. అల్లుడు ఇంజనీరు, కూతురిది కంప్యూటర్ పని. దాని కాన్పుకని నేను పోయినాను. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయినాయి. మళ్ళా అవి తిరిగేటప్పటికి కూతురి లీవు అయిపోయింది, కీటా మూసేసినారు. కీటా అంటే మన అంగన్వాడీ మాదిరి, పిల్లోళ్ళని పెట్టుకునే చోటు. ఇంక బిడ్డను ఎవురు చూస్తారు? మా ఊర్లో బడి కూడా మూసేసినారు కాబట్టి నాకూ పని లేదు. ఉండిపోయినాను.

ఎర్లాంగెన్‌లో మన తెలుగోళ్ళు చానా మంది ఉండారు. ఒకరింటికి ఒకరు పోకూడదు కదా ఆ దినాల్లో, అందరూ ఫోన్లోనే కనపడేది. ఒక దినం కూతురు ఫోన్లో మాటాడతా ఉంటే నేను వెనకాల బిడ్డను ఎత్తుకోని పోతా ఉండాను. ఫోన్లో ఉండే ఆమె నన్ను చూసి, "నమస్తే టీచర్ గారూ! మీ గురించి మీ అమ్మాయి చాలా చెప్పిందండీ" అనింది. నేను వెనక్కి తిరిగి చూసినాను, ఎవురన్నా టీచరు వచ్చి నిలబడిందేమో అని.

ఫోను పెట్టినాక అడిగినాను. "టీచరెవురు మే?"

కూతురు ల్యాప్‌టాపులోకే చూస్తా ఉండాది. "మా అమ్మ బళ్ళో పని చేస్తాది అని చెప్పినా. వాళ్ళే టీచరనుకున్నారు. నేను కాదనలేదు."

"కాదని చెప్పొచ్చు కదా."

"ఎట్లా చెప్పేది? ఒకామె వాళ్ళమ్మ బ్యాంకులో మేనేజరంట. ఇంకొకామె వాళ్ళమ్మ లెక్చరరంట. అందరూ వరసగా చెప్తా ఉండారు, నా వంతు వచ్చింది." ల్యాప్‌టాపు మూసి, "నువ్వు నోరు తెరవబాకు మా. ఇప్పుడు చెప్తే నేను వాళ్ళ మొహం చూడలేను" అనింది.

నాకు దాని మీద కోపం రాలేదు. నిజం చెప్తా ఉండాను. నా బిడ్డకి నన్ను చెప్పుకోడానికి సిగ్గు అని తెలిసినాక, నాకు నా మీదే సిగ్గేసింది. అది ఎంత చదివింది, ఎంత దూరం వచ్చింది, దాని వెనకాల నేనొకదాన్ని గరిటె పట్టుకోని నిలబడుకోని ఉండాను అనిపించింది. సరేలే, గమ్మున ఉంటే పోతాది అనుకున్నాను.

పోలేదు. బడులు మూసేసినారు కదా, పిల్లోళ్ళు ఇండ్లలో కుచ్చోని జర్మన్‌లోనే అరుస్తా ఉంటారంట. ఆదివారం ఆదివారం టీచర్ గారు ఫోన్లో తెలుగు చెప్తే బాగుంటాదని అందరూ కలిసి అడిగినారు. "అ ఆ ఇ ఈ ఏ కదా మా, నీకు వచ్చు" అనింది కూతురు. నాకు వచ్చేది అంతే. ఒత్తులంటే ఇప్పటికీ భయమే. శనివారమంతా ఫోన్లో పిల్లోళ్ళ వీడియోలు చూసి నేర్చుకోని, ఆదివారం అదే చెప్పేదాన్ని. పలక లేదు కాబట్టి ప్రతి ఇంట్లో తట్టలో బొంబాయి రవ్వ పోసి వేలితో దిద్దమన్నాను. పిల్లోళ్ళకి అది బాగా నచ్చింది. "ఓమా, ఫెర్టిష్!" అని అరిచేవాళ్ళు, అయిపోయింది అవ్వా అని. వాళ్ళ వెనకాల అమ్మా నాయన కుచ్చోని వింటా ఉంటే మాత్రం నాకు నోరు ఎండిపోయేది.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాల. అక్క అంటే తోడబుట్టింది కాదు.

మేము ఉండే ఇంటి కింద బట్టలుతికే గది ఒకటి ఉండాది, అన్ని ఇండ్లకీ కలిపి. నేను మిషన్లో సోపు పోస్తా ఉంటే వెనకాల నుంచి అరవంలో ఎవురో, "అంత పోస్తే నురగంతా బయటికి వస్తాది" అనినారు. తిరిగి చూస్తే చీనా ఆమె. నాకంటే పెద్దది, తెల్ల జుట్టు. మాస్కు లోపల నా నోరు తెరుచుకోనే ఉండిపోయింది.

"ఏమ్మా, చీనాది అరవం మాటాడితే పిడుగు పడతాదా?" అనింది.

వాళ్ళది మలేషియా. రబ్బరు తోటల్లో పుట్టి పెరిగిందంట, చుట్టూ అంతా అరవోళ్ళేనంట. కొడుకు ఇంజనీరు, కోడలి కాన్పుకని నా మాదిరే వచ్చి ఇరుక్కుపోయింది. మా ఇంటి కింద ఇల్లే వాళ్ళది. నాకు అరవం మా ఇంటి భాష మాదిరి. ఇంక చెప్పాలా? బిడ్డలు నిద్రపోయినప్పుడు ఇంటి వెనకాల సైకిళ్ళు పెట్టే చోట బెంచీ మీద, ఈ చివర ఒకరం ఆ చివర ఒకరం కుచ్చునేవాళ్ళం. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను తంగచ్చి అనేది, చెల్లెలు అని.

అయితే నేను పోయేసరికే ఆమెకు వాళ్ళ కొడుకు చెప్పేసి ఉండాడు, పైనింట్లో టీచరమ్మ ఉండాదని. అల్లుడు అతనికి చెప్పినాడో ఏమో. మొదటి దినమే అక్క సంచిలోంచి గుడ్డ తీసి నా చివర బెంచీ తుడిచి, "కుచ్చో టీచర్ తంగచ్చీ" అనింది. "నాకు ఒక్క అక్షరం రాదు. మా నాయన మగపిల్లోళ్ళనే బడికి పంపించినాడు. టీచర్లంటే నాకు దేవుడి తర్వాత" అనింది. అక్షరం రాదని ఎంత సులువుగా చెప్పేసింది! నాకు వచ్చేది కూడా అంతంతే అక్కా అని అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోరు రాలేదు. రోజూ ఆమె తుడిచేది, రోజూ నేను కుచ్చునేదాన్ని.

ఒక దినం ఆమె జేబులోంచి ఎర్ర గుడ్డ సంచి తీసింది. దాంట్లో రెండు చెక్కలు. జీడిపప్పును రెండు బద్దలు చేస్తే ఎట్లా ఉంటాయో అట్లా, కానీ అరచెయ్యి అంత. ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. రెండు చేతుల మధ్య పెట్టుకోని కండ్లు మూసుకోని ఏందో చెప్పుకోని నేల మీద వేసింది. ఒకటి చదును పక్క పైకి, ఇంకొకటి ఉబ్బు పక్క పైకి పడినాయి. "సరే అనినారు" అనింది.

"ఎవురు?"

"దేవుడు. కోడలు నన్ను వంటింట్లోకి రానీయదు. ఈ దినం చేపలు నేనే చేస్తానని అడగొచ్చా అని అడిగినాను."

నాకు నవ్వొచ్చింది, కానీ భక్తి కూడా వచ్చింది. మా పక్క కూడా అమ్మవారి ముందర ఎర్ర పువ్వు, తెల్ల పువ్వు పొట్లాలు కట్టి అడుగుతాము కదా. నాకూ నేర్పించు అక్కా అన్నాను. టీచరే తన దగ్గర నేర్చుకుంటానంటే అక్క మొహం వెలిగిపోయింది. అది చూసి నేను ఇంకా కుంగిపోయినాను.

ఒకటి చదును ఒకటి ఉబ్బు పడితే సరే అని. రెండూ ఉబ్బు పైకి పడితే వద్దు అని. రెండూ చదును పైకి పడితే నవ్వు అని. "నవ్వంటే?" అని అడిగితే, "అది తర్వాత. ముందు సరే, వద్దు ఈ రెండూ చక్కగా చదవడం నేర్చుకో" అనింది. దాంట్లో నేర్చుకునేది ఏముండాది అనుకున్నాను. చానా ఉండాది.

అడిగే ముందు నువ్వెవురో చెప్పాల. పేరు, యాడ ఉంటావు, ఏం పని చేస్తావు, అన్నీ నోరు తెరిచి చెప్పాల. అన్ని కోట్ల మందిలో ఆయన నిన్ను ఎట్లా కనుక్కుంటాడు మరి? నేను మా ఊరి పేరు చెప్తే అక్క ఆపేసింది. "యాడ అన్నం తింటా ఉండావో ఆ ఇంటి అడ్రసు చెప్పు." ఆ వీధి పేరు నా నోటికి తిరగదు. నేను తడబడతా ఉంటే అక్క, "అట్లా చెప్తే ఆయన పక్క వీధిలోకి పోతాడు" అని నవ్వింది. ఆమెకి కూడా సరిగ్గా రాదు. పోస్టు తెచ్చే ఆమెను నిలబెట్టి ఇద్దరమూ నేర్చుకున్నాము. పని కాడికి వస్తే మాత్రం నేను ఆమెకి వినపడకుండా గొణిగేసేదాన్ని.

మొదట్లో నేను, "మా ఊరికి పోతానా?" అని అడిగినాను. సరే అని పడింది. నేను ఎగిరి గంతేసినాను.

"ఎందుకు ఎగురుతావు?" అనింది అక్క.

"పోతానంట కదా!"

"పోతావు అనినారు. ఎప్పుడని నువ్వు అడిగినావా? కీటా తెరిస్తే ఎట్లయినా పోతావు. దానికి దేవుడెందుకు?"

అట్లా ఉంటాది ఆమె దగ్గర. పడినదాన్ని చదవడం కాదు, నువ్వు ఏం అడిగినావో దాన్ని చదువుకో అనేది. సరే అంటే నువ్వు కోరింది అంతా ఇస్తానని కాదు, నువ్వు అడిగిన ఆ ఒక్క మాటకే సరే అని. వద్దు అంటే కోపం కాదు, ఈ దారిన పోబాకు అని చెప్పడం. ఒకసారి అడిగినదాన్ని మళ్ళా అడగకూడదు, నమ్మకం లేనోళ్ళే మళ్ళా అడుగుతారు. కరోనా కదా, నాకు ఇచ్చే ముందు చెక్కలకి శానిటైజర్ పూసేది. దేవుడి చెక్కలు ఆస్పత్రి వాసన వచ్చేవి.

ఇంట్లో చూసుకుందామని నేను ఒక దినం ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, నిలువుగా రెండుగా కోసి వేసి చూసినాను. అక్కకి చెప్తే బెంచీ మీద వాలిపోయి నవ్వింది. "ఉర్లగడ్డను అడిగినావా? బదులు చెప్పిందా, కూరైపోయిందా?"

కూరే అయిపోయింది.

చలికాలం అట్లా గడిచింది. ఉగాది దగ్గరికి వచ్చింది. ఆ తెలుగోళ్ళలో పెద్ద మాదిరి ఒకామె ఉండాది, అన్నిటికీ ముందర నిలబడేది ఆమే. ఫోన్ చేసి, "ఈ ఉగాదికి మిమ్మల్ని సన్మానం చేద్దామనుకుంటున్నామండీ టీచర్ గారూ. వీడియోలోనే లెండి. శాలువా పోస్టులో పంపిస్తాం. మీ సర్వీసు గురించి, మీ స్టూడెంట్స్ గురించి ఓ నాలుగు మాటలు చెప్పాలి. కాదనకూడదు" అనింది.

అ ఆలు చెప్పేది వేరు. అందరి ముందర కుచ్చోని, చెప్పని పాఠాలు చెప్పినానని, లేని స్టూడెంట్లు ఉండారని చెప్పుకోవడం వేరు. కానీ ఒప్పుకోకపోతే ఎందుకని అడుగుతారు. చెప్తే కూతురి పరువు పోతాది. అది ఆ ఊర్లో ఇంకా ఎన్నేళ్ళో బతకాల, వాళ్ళతోనే. "ఒప్పుకో మా, ఒక్క గంట" అనింది కూతురు. దాని మొహం చూస్తే అదీ భయపడతా ఉండాదని తెలిసింది.

అందుకే బెంచీ కాడికి పోయి, "అక్కా, ఈ దినం నేను పెద్ద మాట అడగాల" అన్నాను. అక్క చెక్కలు తుడిచి ఇచ్చింది. నేను చేతుల మధ్య పెట్టుకున్నాను. పేరు చెప్పినాను. వీధి పేరు తడబడకుండా చెప్పినాను. ఏం పని చేస్తావు అనే కాడికి వచ్చేసరికి ఆగిపోయినాను. అక్క బెంచీ ఆ చివర కుచ్చోని వింటా ఉండాది. ఆమె తుడిచిన చోటే నేను కుచ్చోని ఉండాను.

"టీచరు" అన్నాను. దేవుడికి చెప్పినాను ఆ మాట.

"సన్మానానికి ఒప్పుకోవచ్చా?" అని అడిగి వేసినాను. రెండూ చదును పైకి పడినాయి.

"అరె, నవ్వినారు" అనింది అక్క. ఇంకేమో చెప్పబోతా ఉండాది, అంతలో పైనుంచి వాళ్ళ కోడలు పిలిచింది, బిడ్డ లేచినాడని. చెక్కలు తీసుకోని పరిగెత్తింది.

నవ్వినారు. దానికి అర్థం నాకు ఎవురు చెప్పాల? మా పక్క అమ్మవారికి అలంకారం చేసినాక, అమ్మ మొహంలో నవ్వు కనిపిస్తా ఉండాది ఈ దినం అంటే, అందరూ చెంపలేసుకుంటారు. దేవుడు నవ్వితే అంతకన్నా ఏం కావాల? ఒప్పుకోమన్నాడు, పైగా సంతోషంగా ఒప్పుకోమన్నాడు అనుకున్నాను. మెట్లు ఎక్కిపోయి కూతురికి చెప్పినాను, సరే అని చెప్పేయమని. కూతురు నన్ను గట్టిగా పట్టుకునింది. చానా నాళ్ళ తర్వాత పట్టుకునింది అట్లా.

తర్వాత అక్క మళ్ళా బెంచీ కాడ దొరికినప్పుడు నేనే ముందు చెప్పినాను. "దేవుడు నవ్వినాడు కదా, నేను ఒప్పేసుకున్నాను అక్కా."

అక్క నన్ను వింతగా చూసింది. "నవ్వితే సరే అనుకున్నావా?"

"మరి?"

"నవ్వు సరే కాదు, వద్దూ కాదు. నువ్వు అడిగిన మాటే సరిగ్గా లేదని నవ్వుతాడు. లేకపోతే బదులు నీకే తెలుసు, తెలిసీ వచ్చి నన్ను అడుగుతా ఉండావే అని నవ్వుతాడు." నా పక్కకి తిరిగి కుచ్చునింది. నేర్పించేదానికి ఆమెకి చానా ఇష్టం. "ఏడ తప్పు పోయిందో వెనక్కి పోయి చూసుకోవాల. పేరు సరిగ్గా చెప్పినావా?"

"చెప్పినాను."

"వీధి నేను విన్నాను, బాగానే చెప్పినావు. పని?"

నేను సైకిళ్ళ వైపు చూస్తా ఉండిపోయినాను. ఎవురిదో చిన్న సైకిలు, హ్యాండిలుకి రంగు రంగు దారాలు కట్టి ఉండాయి. దాన్నే చూస్తా చెప్పినాను. నేను టీచర్ని కాదక్కా, బళ్ళో అన్నం వండుతాను, ఐదు దాకే చదివినాను అని. వినపడిందో లేదో అనుకున్నాను.

వినపడింది. అక్క చెక్కల్ని ఎర్ర సంచిలో పెట్టి తాడు బిగించింది.

"అట్లయితే ఆ ఇంట్లో ఆ టీచరు లేదు. లేని మనిషి వచ్చి అడిగితే ఆయన ఎవురికి బదులు చెప్తాడు? నవ్వక ఏం చేస్తాడు?"

"ఇంకొక సారి అడుగుతానక్కా. ఈ సారి సరిగ్గా చెప్పి అడుగుతాను."

"ఏమని?"

"నిజం చెప్పేయాలా, వద్దా అని."

సంచి జేబులో పెట్టేసుకునింది. "అది నీకు తెల్దా?"

ఆమె లేచింది. పోతా పోతా ఒక మాట అనింది. గట్టిగా కాదు, ఊరికే. "నీకోసం నేను రోజూ బెంచీ తుడిచినాను."

వంట చేస్తానని చెప్పి ఉంటే తుడిచేది కాదని కాదు ఆమె అనింది. అది నాకు తెలుసు. తనకి అక్షరం రాదని మొదటి దినమే నాకు చెప్పేసింది కదా. నేను ఆ మాట విని కూడా తుడిపించుకున్నాను. అక్క కొన్ని దినాలు బెంచీ కాడికి రాలేదు. నేను మాత్రం పోయి ఒక్కదాన్నే కుచ్చోని లేచి వచ్చేసేదాన్ని. పైన బిడ్డ ఏడిస్తే కూడా నాకు వినపడేది కాదు, అట్లా ఉండేది మనసు.

శాలువా పోస్టులో వచ్చింది. బంగారు రంగు అంచు. ఆ దినమే కూతురికి చెప్పినాను, "నేను చెప్పేస్తాను మే."

"ఏం చెప్తావు?"

"ఉండేది."

కూతురు బిడ్డను కింద దించింది. "మా, నీకు పిచ్చి పట్టిందా? ఆ చీనా ఆమె చెక్కలు చెప్పినాయా?"

"చెక్కలు ఏమీ చెప్పలే. అదే వచ్చిన చిక్కు."

"వాళ్ళు నీ ముందర ఏమీ అనరు. నన్ను అంటారు. నా వెనకాల అంటారు. వంటామె కూతురు, పైగా అబద్ధాలకోరు అని. నువ్వు రేపు ఊరికి పోతావు, నేను ఈడే ఉండాల. నీకేం తెలుసు నేను ఎట్లా వచ్చినానో ఇంత దూరం!"

"నీకు నేనంటే సిగ్గా?" అని అడిగేసినాను. అడగకుండా ఉండాల్సింది.

అది శాలువాను మళ్ళా కవర్లో పెట్టేసింది. అల్లుడు పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉండాడు, చెవులకి పెట్టుకోని. విన్నాడో లేదో తెల్దు. బిడ్డ మాత్రం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి ఏడుపు ఎత్తుకునింది.

ఉగాది దినం ల్యాప్‌టాపులో అందరూ పట్టుచీరలు కట్టుకోని కనపడినారు, చిన్న చిన్న గళ్ళల్లో. వేపపువ్వు దొరకలేదని ఎవురో కాకరకాయ వేసినారంట పచ్చడిలో, దాని గురించి నవ్వుకుంటా ఉండారు. ఆ పెద్దామె నా గురించి కాయితంలో చూసి చదివింది. ఎందరో పిల్లలకి విద్యాబుద్ధులు నేర్పించినానంట. కూతురు శాలువా పట్టుకోని నా పక్కనే నిలబడుకోని ఉండాది. "ఇప్పుడు టీచర్ గారు మాట్లాడతారు" అనినారు.

"అమ్మా" అన్నాను. "నేను టీచర్ని కాదమ్మా. బళ్ళో పిల్లోళ్ళకి అన్నం వండుతాను. ఐదు దాకే చదివినాను. మీ పిల్లోళ్ళకి చెప్పిన దాంట్లో తప్పులుంటే దిద్దుకోండి."

అంతవరకే చెప్పి ఆపాల. ఆపలేదు. పక్కన శాలువా వణకతా ఉండాది, అది కంటి చివర కనపడింది. "నా కూతురి తప్పు లేదు. నేనే అట్లా చెప్పమన్నాను దానితో" అనేసినాను.

చూసినారా. నిజం చెప్పడానికి కుచ్చున్నాను, దాంట్లో కూడా ఒక అబద్ధం కలిపేసినాను. ఈ ముక్క రాయొచ్చా అని ఇప్పుడు కూతుర్ని అడిగినాను. రాసుకో మా అనింది.

గళ్ళల్లో ఎవురూ కదలలేదు. ల్యాప్‌టాపు ఆగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆ పెద్దామె, "అయ్యో, అలా ఎందుకనుకుంటారండీ, వంట కూడా గొప్ప కళే కదండీ" అనింది. ఆ గొంతు విని నాకు ఇంకా తల వంగిపోయింది. రెండు గళ్ళు నల్లగా అయిపోయినాయి. ఎవురో పాప పాట పాడతాదని చెప్పి ముందుకి పోయినారు. శాలువా కూతురి చేతిలోనే ఉండిపోయింది. కప్పమని వాళ్ళూ అనలేదు, అదీ కప్పలేదు.

ఆ ఆదివారం క్లాసుకి కొంతమందే వచ్చినారు. ఒకామె బాబుకి వేరే క్లాసు ఉండాదని మెసేజి పెట్టింది. ఇంకొకామె ఏమీ పెట్టలేదు. వచ్చిన పిల్లోళ్ళు ఎప్పటి మాదిరే రవ్వ తట్టలు పెట్టుకోని కుచ్చున్నారు, వాళ్ళకి ఏమీ తెల్దు. నేను గుణింతం చెప్తా ఉండాను, చెవుల నుంచి వేడి వస్తా ఉండాది. మంచి పని చేసినాను అనే ధైర్యం వస్తాదనుకున్నాను. రాలేదు. ఇంతకు ముందు ఒక మాదిరి సిగ్గు, ఇప్పుడు ఇంకొక మాదిరి.

అక్క ఒక దినం బెంచీ కాడికి వచ్చింది. నేను చెప్పకముందే ఆమెకి తెలిసిపోయింది, నా మొహం చూసి. గుడ్డ తీసి నా మీదికి విసిరింది. "నువ్వే తుడువు. నాది కూడా తుడువు." తుడిచినాను. దేవుడి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాకు సాంబారు ఎట్లా చేస్తావని అడిగింది. చింతపండు ఎప్పుడు పోయాలనే కాడ ఇద్దరికీ గొడవ వచ్చింది.

కూతురు మాత్రం నాతో సరిగ్గా మాటాడలేదు. అన్నం పెడితే తినేది, బిడ్డను ఇస్తే ఎత్తుకునేది. "నేనే చెప్పమన్నానని ఎందుకన్నావు?" అని ఒక్కసారి అడిగింది. "నోట్లోంచి వచ్చేసింది" అన్నాను. అది తలుపు వేసుకోని లోపలికి పోయింది.

ఎండాకాలం మొదట్లో నాకు టీకా వేయించేదానికి టెర్మిన్, అంటే రమ్మని ఇచ్చే టైము, దొరికింది. కూతురు వాళ్ళు ఎప్పుడూ పోయే డాక్టరమ్మ దగ్గరే. కూతురు జతలో వచ్చింది, నాకు భాష రాదు కదా. డాక్టరమ్మ నా రవిక చెయ్యి పైకి మడిచి సూది వేసే ముందర ఆగింది. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా నాకు కాలిన మచ్చ ఉండాది. దాని మీద వేలు పెట్టి కూతుర్ని ఏందో అడిగింది.

మచ్చ ఎట్లా వచ్చిందని అడిగి ఉంటాది. అదేం లేదు, చిన్నప్పుడు ఎప్పుడో అని చెప్పేస్తాదిలే అనుకోని నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయినాను. డాక్టరమ్మ వదల్లేదు.

కూతురు నన్ను చూడలేదు. గోడ మీద పటం చూస్తా జర్మన్‌లో చెప్పడం మొదలుపెట్టింది. దాంట్లో నాకు తెలిసిన మాట షూలే ఒక్కటే, బడి అని. డాక్టరమ్మ కండ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. మళ్ళా ఏందో అడిగింది. కూతురు ఆగి ఆగి మాటలు వెతుక్కుంటా ఉండాది.

"మా, గంజి వార్చేటప్పుడే కదా కాలింది?"

"ఊ. తపేలా జారింది."

"గంజికి ఈళ్ళ భాషలో ఏమంటారో తెల్దు నాకు" అని దానికదే అనుకోని, అన్నం ఉడికిన నీళ్ళు అని చెప్పిందో ఏమో. డాక్టరమ్మకి ఇంకా అర్థం కాలేదు. అప్పుడు కూతురు లేచి నిలబడి రెండు చేతులూ చాపి, తపేలా ఎంత ఉంటాదో చూపించింది. వంగి, రెండు పక్కలా పట్టుకోని, ఒక పక్కకి వంచి వార్చేది కూడా చూపించింది. ఎప్పుడు చూసిందో అది నన్ను. చిన్నప్పుడు బళ్ళో వంట షెడ్డు కాడ నిలబడుకోని చూసి ఉంటాది.

నా మొహం మండిపోతా ఉండాది మాస్కు లోపల. డాక్టరమ్మ ముందర, ఆ తెల్ల గదిలో, నా బిడ్డ గంజి వారుస్తా ఉండాది. తల ఎత్తలేకపోయినాను. దాని చేతులు మాత్రం కనపడతా ఉండాయి. అది చూపించింది మా ఇంట్లో తపేలా అంత ఉండాది.

"అంత చిన్నది కాదు మే" అన్నాను. "దానికి నాలుగింతలు ఉంటాదని చెప్పు."